ఒట్టి గూటం మడి

1963 జనవరి 31వ తేదీ, గురువారం, పగలు పదకొండు గంటలకు తాలూకా మేజిస్ట్రేటు గారి ఎదుట, కచేరీ లోపలి గదిలో చెప్పగా రాసుకున్నది. గదిలో మేజిస్ట్రేటు గారు, రాసే గుమాస్తా తప్ప పోలీసులు ఎవరూ లేరు.

నా పేరు గుర్వయ్య. తండ్రి గాలయ్య, చనిపోయాడు. వయసు యాభై రెండు అని రాయండి, లెక్క సరిగా తెలియదు. కాపురం రేగడిపల్లె, ఆత్మకూరు దిక్కు, మహబూబ్‌నగర్ జిల్లా. మా వాళ్లది గొర్రెలు కాచే వృత్తి. నేను మాత్రం రెండేళ్లుగా ఊరికి పడమర ఉన్న ప్రయోగం పొలానికి కావలి ఉంటున్నాను. మందు పంపు కొట్టేది కూడా నేనే. చదువు లేదు. అంకెలు గుర్తుపడతాను.

వాంగ్మూలం ఇవ్వాలన్న బలవంతం లేదని, ఇస్తే అది నా మీదికే రావచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకొమ్మని గంటసేపు వరండాలో కూర్చోబెట్టారు. కూర్చున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. పోలీసు జమేదారు గారైతే ఇంటికి పొమ్మన్నారు. ఎందుకు తిరిగి వచ్చానో చివర చెబుతాను.

మా దిక్కున జొన్న, కంది, ఆముదం పండుతాయి. గోధుమ మాకు కొత్త. నల్లరేగడిలో నీళ్లు పెట్టకుండా మంచుకే పండే గోధుమ అని రెండేళ్ల కింద తెచ్చి వేశారు. ఈ ఏడు కంకి పాలు పోసుకునే వేళకు పేను పట్టింది. ఆకుపచ్చ పేను, కంకి నిండా. వేళ్లతో రాస్తే బంక అంటుకుంటుంది. ఏ మందుకు ఆ పేను చస్తుందో చూడాలని బాలస్వామి సారు పొలంలో ఎనిమిది మడులు కొలిపించి, మడికొక గూటం పాతించారు. సారుది నారాయణపేట, సాలెల ఇంటి బిడ్డ, వయసు ఇరవై ఆరు. ఆ పొలానికి సర్కారు పెట్టిన అసిస్టెంటు ఆయనే. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

గూటాలకు రంగులు వేసింది నేనే. తెల్ల గూటం మడికి పొడి మందు. నీలం గూటం మడికి ఎండ్రిన్. ఎర్ర గూటం మడికి పారాథియాన్. నాలుగో మడికి ఏ మందూ లేదు, గూటానికి రంగూ లేదు. దాన్ని మేం ఒట్టి గూటం మడి అనేవాళ్లం. ఇలాంటివి రెండు వరసలు. ఒక వరస బండ్ల బాట పక్కన, ఒక వరస వాగు పక్కన. కాబట్టి ఒట్టి గూటం మడులు కూడా రెండు. నేను చెప్పేది బాట పక్కన ఉన్న దాని గురించి.

ఎర్ర గూటం మందు గురించి సారు మొదటి రోజే చెప్పారు. “గుర్వయ్యా, గిది పురుగునే కాదు, మనిషిని కూడా తీసుకపోతది. మూతికి బట్ట కట్టు. బీడీ తాగకు. పని అయినంక సబ్బు పెట్టి తానం చెయ్యి. మిగిలిన మందు మూలకు గుంట తీసి పొయ్యి, సీసా పలగ్గొట్టి పూడ్చిపెట్టు.” మూడుసార్లు నాతో తిరిగి చెప్పించుకున్నారు. నేను తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు. నాకు తెలుసు.

ఒట్టి గూటం మడి సంగతి మాత్రం నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఒక మడిని ఎందుకు వదిలేస్తున్నారని అడిగాను. మందు కొట్టని మడి ఒకటి లేకపోతే, మందు పనిచేసిందో లేదో దేంతో పోల్చి చెప్పాలని అన్నారు. ఆయన చెప్పింది అర్థమైంది. అర్థమైనా మనసు ఒప్పలేదు. ఏడు మడులు ఎట్లున్నా, బాట పక్కన అందరూ చూసే మడి పేనుతో నల్లబడి, మాడినట్టు నిలబడింది. బాటన పోయేవాళ్లు నన్నే అడిగేవాళ్లు. “ఏం గుర్వయ్య, గిదేం చేసింది పాపం, దీన్నొక్కదాన్ని ఇడిసిపెట్టినవ్?” బంతిలో అందరికీ వడ్డించి ఒక విస్తరి దాటిపోయినట్టు ఉండేది నాకు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కేసుకు పనికిరాదని గుమాస్తా గారు అన్నారు. మేజిస్ట్రేటు గారు రాయమన్నారు. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా ఊరి పెద్దింటి పెళ్లిలో గొర్రెలవాళ్లందరినీ చివరి బంతిలో కూర్చోబెట్టారు. అన్నం తగ్గింది. వడ్డించేవాడు నాకు పెట్టి, నా పక్కన కూర్చున్న నా చెల్లెను దాటి పోయాడు. దానికి ఆరేళ్లు. అది ఏడవలేదు. ఖాళీ విస్తరిని చేత్తో తుడుచుకుంటూ కూర్చుంది. నా విస్తరి దాని ముందుకు జరిపాను. ఆ చెల్లె పేరు జానమ్మ. ఈ కేసులో దవాఖానలో పడి ఉన్న జానమ్మ ఆమే.

జానమ్మ భర్త పర్వతాలు. నాకు బావ. వాళ్లకు నూట ఇరవై గొర్రెల మంద ఉంది. సంక్రాంతి దాటినాక మా పొలం పక్కన ఉన్న బీడులో మంద పెట్టారు. ఎరువు కోసం రైతులు మంద పెట్టించుకుంటారు, బదులుగా గింజలు ఇస్తారు, పచ్చి కంకులు కోసుకోనిస్తారు. అది మా దిక్కు ఆచారం. బాలస్వామి సారు కూడా కాదనలేదు. జానమ్మను దగ్గరికి పిలిచి ఆ ఒట్టి గూటం చూపించారు. “అమ్మా, తినాలనిపిస్తే గీ మడిల తెంపుకో. రంగు గూటం ఉన్నకాడ చెయ్యి పెట్టకు.” జానమ్మ నన్ను చూసి నవ్వింది. “మా అన్న ఉన్నడు గద సారు, నాకేం ఫికర్” అంది.

ఇది జనవరి 18వ తేదీ నాడు. అప్పటికి ఆ మడిలో మందు లేదు.

జనవరి 25వ తేదీ శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు రెండో విడత మందు కొట్టడం మొదలుపెట్టాం. తెల్ల గూటం, నీలం గూటం మడులు అయ్యాయి. ఎర్ర గూటం మడులు రెండూ పన్నెండున్నరకు అయ్యాయి. మర్నాడు జెండా పండగ. సారు ఆత్మకూరు పోవాలి, ఒంటిగంట బస్సు పట్టుకోవాలి. పోతూ పోతూ బాట మీది నుంచి కూడా వెనక్కి తిరిగి అరిచారు, “గుంట తియ్యి గుర్వయ్యా, మరువకు!” అని. “అట్లనే సారు” అన్నాను.

పంపులో ఇంకా సగం మందు ఉంది. వీపు మీద బరువు తెలుస్తోంది. సీసా అడుగున రెండు వేళ్ల మందం ఉంది. పలుగు పట్టుకొని మూలకు పోయాను. జానెడు లోతు తవ్వాను కూడా. ఆ గుంట ఇప్పటికీ ఉంది, పోయి చూడండి, జానెడే ఉంటుంది. మందు పారబోయడానికి చెయ్యి రాలేదు. మా ఇంట్లో గంజి కూడా పారబోయరు. తిరిగి చూస్తే బాట పక్కన ఆ మడి కనబడింది. అందరూ తిన్నాక ఒక్కటే కూర్చున్నట్టు ఉంది.

సీసాలో నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు కూడా పంపులో పోశాను. మొత్తం ఒట్టి గూటం మడికి కొట్టాను. ఒక్కసారి కాదు, పంపు ఖాళీ అయ్యేదాకా మూడుసార్లు తిరిగాను. ఎవరూ చూడలేదు. మందు పూర్తయ్యాక మనసు తేలికైంది. అది కూడా రాయండి. ఆ రోజు మధ్యాహ్నం తానం చేసి, సబ్బు పెట్టుకొని, హాయిగా పడుకున్నాను.

భయం మొదలైంది మర్నాడు పొద్దున. మడి గట్టు మీద అక్షింతల పురుగులు చచ్చి పడి ఉన్నాయి. ఎర్రగా, నల్ల చుక్కలతో ఉండే పురుగులు, పేనును తినేవి. సారుకు అవంటే ఇష్టం, భూతద్దంలో నాకూ చూపించేవారు. నలభై యాభై ఉంటాయి. కాలితో మట్టి కప్పాను. కప్పుతుంటే గుర్తొచ్చింది, జానమ్మకు ఈ మడే చూపించామని.

అప్పుడే పోయి చెప్పి ఉండాలి. బీడు ఎంత దూరం? కేకేస్తే వినబడుతుంది. చెబితే బావకు తెలుస్తుంది, బావకు తెలిస్తే సారుకు తెలుస్తుంది. మార్చి నుంచి నన్ను పర్మనెంటు చేస్తామని సారు నా పేరు రాసి పంపారు. మందు మంచుకు కొట్టుకుపోతుంది అనుకున్నాను. వాళ్ల మంద అప్పుడు వాగు దిక్కు ఉంది, ఇటు రారు అనుకున్నాను. ఆ రెండు రోజులు నేను మడి దగ్గర నుంచి కదల్లేదు. అన్నం కూడా గట్టు మీదికే తెప్పించుకున్నాను. మా ఇంటామె యాదమ్మ, “ఏంది, గా గోధుమకు కాళ్లొచ్చి పారిపోతదా?” అని ఎకసెక్కమాడింది.

28వ తేదీ సోమవారం పొద్దున పది గంటలకు సారు వచ్చారు. మడి మడికీ వంగి, కంకి కంకి మీద పేను లెక్కపెట్టి బుక్కులో రాసుకున్నారు. వాగు పక్కన ఒట్టి గూటం మడిలో పేను ఎప్పటిలాగే ఉంది. బాట పక్కన దానిలో లేదు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టారు. నన్ను పిలిచారు.

“గుర్వయ్యా, దీంట్ల మందు పడ్డదా?”

“లేదు సారు.”

“గాలికి గిట్ల వచ్చిందా?”

“ఏమో సారు. అక్షింతల పురుగులు తిన్నయేమో.”

ఆయన నా ముఖం చూశారు. తర్వాత బుక్కులో రాసుకున్నారు. నేను చెప్పిందే రాసుకున్నారు. నేను ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అదే.

మధ్యాహ్నం రెండు గంటలకు సారు పంపు వాషరు తెగిందని, ఊళ్లోకి పోయి తోలు ముక్క తెమ్మని పంపారు. పోను అనలేకపోయాను. కావలివాడు కావలి వదిలి పోనంటే ఎందుకని అడుగుతారు కదా. ఉరుకుతూ పోయాను, ఉరుకుతూ వచ్చాను. తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. బాట మలుపు తిరగగానే పొగ కనబడింది. మడి పక్కనే పొగ.

జానమ్మ ఎండు జొన్నచొప్ప మంట పెట్టి గోధుమ కంకులు కాల్చింది. కాల్చిన కంకులను గొంగడి మీద వేసి అరచేతులతో నలిపి, పొట్టు ఊదుతోంది. లేత జొన్నకంకులు కాల్చి ఊచబియ్యం చేసినట్టే. నలిపిన గింజలు పచ్చగా, వేడిగా కుప్ప ఉన్నాయి. దాని నోరు ఆడుతోంది. సారు ముప్పై నలభై అడుగుల దూరంలో, ఇంకో మడి గట్టు మీద కూర్చొని రాసుకుంటున్నారు.

“రా అన్నా, కూసో. మస్తు తియ్యగున్నయి” అంది జానమ్మ. రెండు పిడికిళ్లు తిన్నానని చెప్పింది. నేను నిలబడ్డాను. తోలు ముక్క చేతిలో ఉంది. నోరు తెరిస్తే సారుకు వినబడుతుంది. ఉమ్మెయ్ అంటే చాలు. వద్దు అంటే చాలు. నిప్పులో కాలింది కదా, నిప్పుకు ఏ మందైనా మాడిపోతుంది అనుకున్నాను. మూడు రోజులైంది కదా అనుకున్నాను. నేను ఇవి అనుకుంటుండగానే, నా కళ్ల ముందే, అది మూడో పిడికిలి నోట్లో పోసుకుంది.

“నీకు తీసి పెట్టిన” అని నాకు ఒక దోసెడు ఇచ్చింది. అది తనకు ఉంచుకున్న కుప్ప కంటే నాకు ఇచ్చిందే ఎక్కువ. తీసుకున్నాను. తింటానని చెప్పి తువ్వాల కొంగున ముడి వేసుకున్నాను. ముడి వేసుకొని సారు దగ్గరికి పోయి తోలు ముక్క ఇచ్చాను. పంపుకు తోలు వేస్తూ కూర్చున్నాను. జానమ్మ దిక్కు చూడలేదు.

నాలుగున్నర అయి ఉంటుంది. “అన్నా, తల తిరుగుతాంది” అని కేక వినబడింది. సారు నాకంటే ముందు ఉరికారు. జానమ్మ నోటి వెంట చొంగ కారుతోంది. ఒళ్లంతా చెమట, జనవరి చలిలో చీర తడిసిపోయింది. వాంతి అయింది. ఎదురొమ్ములో బండ పెట్టినట్టుందని చెప్పింది. చెంపల మీద చర్మం దానంతట అదే అదురుతోంది. దాని కళ్లలో నల్లగుడ్డు చీమ తలకాయంత అయింది. ఆ కళ్లతో నన్నే చూస్తోంది.

పర్వతాలు మంద వదిలి వచ్చాడు. ఊరివాళ్లు గత్తర, అంటే కలరా అన్నారు. సారే ఊళ్లోకి పరిగెత్తి బండి తెచ్చారు. దారంతా జానమ్మ తల సారు ఒళ్లో ఉంది. తన చొక్కా విప్పి ఆమె మూతి తుడుస్తూ వచ్చారు. నేను బండి వెనక నడిచాను. ఎక్కమంటే ఎక్కలేదు.

ఏడు గంటలకు తాలూకా దవాఖానకు చేరాం. డాక్టరు గారు దీపం దగ్గర పెట్టి కళ్లు చూశారు. చూసి వెంటనే అడిగారు. “పొలం మందు ఏమన్నా తిన్నదా?”

“లేదు సార్. ఆమె తిన్న మడికి మందే కొట్టలేదు. నేను ప్రమాణం చేసి చెప్తా” అన్నారు బాలస్వామి సారు.

డాక్టరు గారు నా దిక్కు తిరిగారు. “కావలి నువ్వే గదా. నిజమేనా? జర సోంచాయించి చెప్పు. ఆ మందుకు సూది వేరే ఉన్నది. గుడ్డిగ ఇచ్చేది కాదు, తప్పైతే ఆ సూదే మనిషిని తీస్తది.”

తల ఊపాను. అవునని నోటితో అనలేదు. తల ఊపాను, అంతే. ఆయన జానమ్మకు గత్తరకు ఎక్కించే సెలైను ఎక్కించారు. ఆయన తప్పు లేదు. ఇద్దరం కాదన్నాక ఆయన ఏం చేస్తారు?

తెల్లవారేదాకా నేను, బావ వరండాలో కూర్చున్నాం. లోపల జానమ్మ ఊపిరి వినబడుతోంది. నీళ్లలో నుంచి వస్తున్నట్టు గురగురమంటోంది. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. సారు పేను లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. ఒక్కోసారి రెండు ఊపిరుల మధ్య చాలా సేపు పడుతోంది. అప్పుడు నేను కూడా ఊపిరి ఆపుతున్నాను. లోపలికి పోయి చెప్పాలని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ మూత్రానికి పోయి వచ్చాను.

29వ తేదీ మంగళవారం తెల్లవారింది. ఆరు గంటలు కావస్తోంది. బావ ముందురోజు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నా తువ్వాల నేల మీద ఉంది. పొగాకు కోసం కొంగు ముడి విప్పాడు. గింజలు కనబడ్డాయి. “నువ్వు తినలేదా బావా” అని ఒక చిటికెడు తీసి నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

అతని చేతిని కొట్టాను. గట్టిగా కొట్టాను. గింజలు వరండా అంతా చెదిరాయి. చెల్లె చేతిని కొట్టని చెయ్యి బావ చేతిని కొట్టింది.

పర్వతాలు నన్ను చూశాడు. గింజలను చూశాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “గీ దెబ్బ నిన్న నీ చెల్లెకు కొట్టేదుండె బావా.”

లోపలికి ఉరికాను. డాక్టరు గారి కాళ్లు పట్టుకొని “ఎర్ర గూటం మందు సారు, పారాథియాన్” అని చెప్పాను. ఎట్లా తెలుసని అడిగారు. అప్పుడు కూడా పూర్తిగా చెప్పలేదు. కంకులు కలిసిపోయి ఉంటాయి అన్నాను. ఆయన సూది తీశారు. ఆరుంపావుకు మొదటి సూది ఇచ్చారు. ఆ తర్వాత ఎన్ని ఇచ్చారో తెలియదు. ఒకసారి బయటికి వచ్చినప్పుడు నాతో ఒకే మాట అన్నారు. “పదకొండు గంటలు పోగొట్టినవయ్యా.”

మధ్యాహ్నానికి గురక తగ్గింది. నిన్న బుధవారం పొద్దున జానమ్మ కళ్లు తెరిచింది. గొంతు సరిగా లేదు. ఎడమ చెయ్యి ఇంకా వణుకుతోంది. ఇంకో రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేనని డాక్టరు గారు అంటున్నారు. నేను గుమ్మం దాటి లోపలికి పోలేదు.

నిన్న మధ్యాహ్నం పోలీసు అమీన్ సాబు మంచం దగ్గర కూర్చొని ఆమెను అడిగి రాసుకున్నారు. ఆమె చెప్పింది జమేదారు గారు నాకు చదివి వినిపించారు. ఎర్ర గూటం మడిలో తానే తెంపుకున్నానని చెప్పింది. సారు తప్పు లేదని చెప్పింది. ఆఖరున ఇట్లా చెప్పింది: “మా అన్న సూసి వద్దన్నడు. నేనే ఇనలే.”

పర్వతాలు ఆమెకు వరండాలో జరిగింది చెప్పి ఉంటాడు. తెలిసే ఆమె ఆ మాట చెప్పింది.

జమేదారు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. “నీకేం లేదు గుర్వయ్య. సాక్షి కింద వేలిముద్ర వేసి ఇంటికి పో.” వేలిముద్ర వేయలేదు గాని, వేయనని కూడా చెప్పలేదు. ఇంటికి పోయాను. నిజం చెబితే జైలు, చెప్పకపోతే ఏమీ లేదు. అది కూడా నేను ఆలోచించాను. ఆలోచించలేదని అంటే ఇంకో అబద్ధం అవుతుంది. పోయేటప్పుడు దవాఖాన వరండాలో బాలస్వామి సారు కనబడ్డారు. ఎర్ర గూటం మడులకు ముళ్లకంప కట్టించలేదు, పాపం నాదేనని ఏడుస్తున్నారు. ఆయన ముందు నుంచే తల వంచుకొని పోయాను.

ఈ రోజు పొద్దున ఏడు గంటలకు నా భార్య యాదమ్మ కొడవలి, గంప పట్టుకొని ఇంట్లో నుంచి బయలుదేరింది. ఎక్కడికని అడిగాను.

“జానికి జర జావ కాసి తీస్కపోత. పచ్చి గోధుమ జావ చలవ అంటరు. గా బాట పక్కన ఒట్టి గూటం మడి ఉన్నది గద, దానికేం మందు లేదంట. ఊరోళ్లు గూడ గదే అంటున్నరు. జానే చెప్పిందంట గద, ఎర్ర గూటం కాడ తెంపిన్నని.”

అయ్యా, నా చెల్లె నన్ను కాపాడింది. ఆమె మాట నిలిస్తే నేను ఇంట్లో ఉంటాను. నేను ఇంట్లో ఉంటే ఆ మడి మంచిదని ఊరంతా నమ్ముతుంది. మంద మేస్తుంది. మంచం మీద ఉన్న దానికి దాని వదిన అవే కంకులతో జావ కాచి పోస్తుంది. యాదమ్మ చేతిలో కొడవలి లాక్కున్నాను. ఆమెకు కారణం చెప్పలేదు. ఏడ్చాను. ఉరుకుతూ పొలానికి పోయి, వాగు పక్కన ఎర్ర గూటం మడికి ముళ్లకంప అడ్డం వేసి, దాని గూటం పీకి తెచ్చి బాట పక్కన ఒట్టి గూటం మడిలో పాతాను. ఒట్టి గూటాన్ని పీకి చేతిలో పట్టుకొని ఇక్కడికి నడిచి వచ్చాను. ఆరు మైళ్లు. బల్ల మీద ఉన్నది అదే.

తువ్వాల కొంగున మిగిలిన గింజలు కూడా ఇచ్చాను. గుమాస్తా గారు కాగితంలో కట్టి సీలు వేశారు. జానమ్మ నాకు ఇచ్చిన దోసెడులో అవి మిగిలాయి. ఎవరూ ముట్టవద్దని పైన రాయమని అడిగాను, రాశారు.

మందు కొట్టింది నేను. బాలస్వామి సారుకు తెలియదు, పర్వతాలుకు తెలియదు. సారు బుక్కులో ఆ మడి కింద రాసింది నేను చెప్పిన అబద్ధం, దాన్ని కొట్టేయమని చెప్పండి. నాకు ఏ శిక్ష వేసినా వేయండి, నాకు భయంగానే ఉంది, భయం లేదని చెప్పను.

జానమ్మ వాంగ్మూలంలో ఒక మాట దిద్దాలి. నేను చూసి వద్దన్నానని ఆమె చెప్పింది. నేను చూశాను. ఆమె తింటుంటే నిలబడి చూశాను. నేను వద్దనలేదు.

గుమాస్తా గారు దీన్ని మొదటి నుంచి చివరిదాకా నాకు నిదానంగా చదివారు. నేను చెప్పని మాట ఇందులో చేరలేదు, నేను చెప్పిన మాట ఏదీ జారిపోలేదు. ఇదంతా నిజమని ఒప్పుకుంటూ వేలిముద్ర వేస్తున్నాను.

గుర్వయ్య, తండ్రి గాలయ్య. ఎడమ బొటనవేలి ముద్ర.

(గమనిక: పంపు పిడి రాపిడికి ఎడమ బొటనవేలి గీతలు అరిగి, చెయ్యి వణకడం వల్ల రెండుసార్లు ముద్ర చెదిరింది. మూడోసారి ఇతను కుడిచేత్తో ఎడమ మణికట్టును అదిమిపట్టుకొని ముద్ర వేశాడు. పగలు ఒంటిగంట ఇరవై నిమిషాలు.)